బెల్లం దిమ్మ అన్న నోరు

నోరు చేసిన తప్పుకి కాళ్ళకి శిక్ష పడింది హనీఫ్‌కి.

అతను కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడతాడు. ఊరికే కాదు, నెల జీతానికి. బంతి తన్నడానికి జీతమేమిటని అనకాపల్లి జనం నాలుగేళ్ళుగా ముక్కున వేలేసుకుంటూనే ఉన్నారు. ఆ వేలు ఇంకా తియ్యకముందే, 1941 జూలైలో ఇంకో వార్త వచ్చింది. ఏదో మ్యాచి ఓడిపోయాక హనీఫ్ పత్రికలవాళ్ళ ముందు నిలబడి, "రిఫరీగారికి కళ్ళజోడు కావాలి. కొనుక్కోలేకపోతే నేను కొనిపెడతాను" అన్నాడట. రెండు నెలలు బంతి తన్నకూడదని అక్కడి పెద్దలు ఆర్డరేశారు. క్షమాపణ చెబితే ఒక నెల తగ్గిస్తామని కూడా అన్నారట. "ముందు ఆయన్ని ఆ ఎదురుగా ఉన్న బోర్డు చదవమనండి, తర్వాత చెప్తాను" అన్నాడట. అంతే, పెట్టె సర్దుకుని ఊరికి రైలెక్కాడు.

సరే, కలకత్తా గొడవ కలకత్తాలోనే ఆగిపోతే మన రెహానాకి పోయేదేమీ లేదు. ఆ మహానుభావుడు వాల్తేరులో రైలు మారుతుంటే ఇక్కడి పత్రికవాడొకడు పట్టుకున్నాడు. మీ ఊరి ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పండి అన్నాడు. అడగడమే ఆలస్యం! మర్నాడు ఫోటోతో సహా అచ్చయింది. "మా అనకాపల్లిలో ఆడేది బంతితో కాదు, బెల్లం దిమ్మతో. వాన పడిందంటే దాన్ని తన్నినవాడి కాలే విరుగుతుంది."

అనకాపల్లి మొత్తం మీద ఫుట్‌బాల్ కుట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. గవరపాలెం వెళ్ళే దారిలో జట్కా గుర్రాలకి జీన్లు కుట్టే రసూల్. ఇరవై ఏళ్ళ కిందట ఒక హెడ్మాస్టరు చిరిగిన బంతి తెచ్చి, ఇలాంటిది కుట్టగలవా అని అడిగాడు. రసూల్ దాన్ని విప్పి, చూసి, కుట్టేశాడు. అప్పటినుంచీ ఏటా ఆగస్టులో జరిగే అనకాపల్లి, వాల్తేరు మ్యాచి రసూల్ బంతితోనే. ఈ ఏడు మాత్రం కమిటీ ప్రెసిడెంటు సింహాచలం నాయుడు ఆ పత్రిక చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"ఏటనుకోకు రసూలూ. అంత పెద్ద ప్లేయరే అలగన్నాక మేవేటి సేత్తాం సెప్పు? ఈపాలికి మద్రాసు నుంచి తెప్పిత్తన్నాం."

రసూల్ లేచాడు. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరెని తీసుకెళ్ళి గోడమేకుకి తగిలించాడు. ఆ పూట నుంచి అన్నం సగంలో లేచిపోతున్నాడు.

రసూల్ కూతురు రెహానాకి ఒళ్ళు మండిపోయింది. తండ్రి కోసం సగం మంట. మిగతా సగానికి కారణం ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళ కిందటే రసూల్ కుడిచేతి బొటనవేలు పట్టు తప్పిపోయింది. అప్పటినుంచీ దుకాణం వెనకాల గోనెతెర చాటున కూర్చుని బంతులు కుడుతున్నది పందొమ్మిదేళ్ళ రెహానా.

ఆ మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. రసూల్ నమాజుకి వెళ్ళాడు. ఎవరో గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చి దుకాణంలో పడ్డారు.

"రసూల్ చాచా! ఉన్నావా?"

గోనెతెరకి ఒక చిల్లుంది. అందులోంచి రెహానాకి దుకాణమంతా కనిపిస్తుంది, దుకాణానికి రెహానా కనిపించదు. చూసింది. పొడుగాటి మనిషి, తడిసి ఒంటికి అతుక్కుపోయిన చొక్కా, చేతిలో నోరు తెరిచిన బూటు, కనుబొమ్మ పైన చిన్న మచ్చ. పత్రికలో ఫోటో కన్నా బాగున్నాడు. దాంతో మంట ఇంకా పెరిగింది.

"దుకాణంలో ఎవరూ లేరు," అంది.

"మరి మాటాడతన్నదెవరు?"

"ఎవరూ లేరన్నాను కదా."

"ఎవరూ లేనోళ్ళ గొంతు భలేగుందే!"

"బూటు అక్కడ పెట్టి వెళ్ళండి. బల్ల మీద కాదు, కింద. తడి."

"నేనెవరో తెలుసా?"

"తెలీకపోవడవేటి? మీ నోరు ముందొచ్చింది, మీరు వెనకాల వచ్చేరు."

అతను పకపకా నవ్వాడు. అంతలో గోడ మీద కన్ను పడింది. అక్కడ అతని ఫోటో ఉన్న పత్రిక కాగితం, సరిగ్గా ముక్కు మీద దిగేసిన మేకు.

"ఇదేటిది, ముక్కులో కొట్టేరు?"

"నోట్లో కొడదామనుకున్నాను. మేకు చిన్నదైపోయింది."

హనీఫ్ తన ముక్కు తడుముకున్నాడు. రెహానా ఆ సందు వదల్లేదు.

"ఆ బెల్లం దిమ్మ మాట వెనక్కి తీసుకోండి. పత్రికవాళ్ళు మార్చి రాసేరని చెప్పండి పోనీ. పెద్దోళ్ళందరూ అదే చెప్తారు కదా."

"పాపం, వాళ్ళు ఒక్కక్షరం మార్చలేదు. నేనన్నదే రాసేరు. అబద్ధమైతే ఇప్పుడే తీసుకుంటాను. కాదు మరి! కుట్లలోంచి నీళ్ళు తాగేత్తాది. లేసు ముడి పైకుంటాది, తలకి తగిలితే రాయే. తోలు చూత్తే పొట్ట తోలు, సాగిపోతాది."

రెహానా పెదవి కొరుక్కుంది. మొదటి రెండూ నిజం. వాటి సంగతి ఆమెకి రెండేళ్ళుగా తెలుసు. మూడోది మాత్రం!

"పొట్ట తోలా? పొట్ట తోలు వాడే ఇల్లా ఇది? వీపు తోలు తప్ప ఇంకోటి ఈ గడప తొక్కదు. గోరుతో గీసి చూడండి, అక్కడే ఉంది ముక్క. తెలిస్తే మాటాడాలి, తెలీకపోతే బూటు పెట్టి వెళ్ళాలి!"

అతను నిజంగానే ముక్క తీసి గోరుతో గీశాడు. వంచాడు. వెలుతురుకి పెట్టి చూశాడు.

"అవును. వీపు తోలే. తోలు మాట వెనక్కి తీసుకున్నాను. మిగతా రెండూ తీసుకోను."

రిఫరీకి, క్లబ్బుకి, కలకత్తా పెద్దలకి వంగని మనిషి ఒక తోలుముక్క ముందు ఇంత బుద్ధిగా వంగేసరికి రెహానాకి నవ్వాగలేదు. చెయ్యడ్డం పెట్టుకున్నా కిసుక్కుమంది.

"నవ్విందీ ఎవరూ కాదేనా?" అన్నాడు హనీఫ్. అడిగిన గొంతు మాత్రం లోపలికి వచ్చినప్పటి గొంతు కాదు.

"బూటు ఇలా తోసెయ్యండి," అంది రెహానా తెర కిందనుంచి చెయ్యి చాపి.

అక్కడ చేసింది పొరపాటు. చిటికెనవేలు పక్కన దారం కోసిన గాట్లు వరసగా ఉన్నాయి. మైనం పట్టించిన దారాన్ని నాలుగేళ్ళు బలంగా లాగిన చెయ్యి అది. హనీఫ్ ఆ చేతిని చూసి, మేకుకి వేలాడుతున్న ఆరెని చూసి, మెల్లిగా అన్నాడు.

"బంతులు కుట్టేది చాచా కాదు."

చాచిన చెయ్యి చటుక్కున లోపలికి పోయింది.

"ఎవరికీ చెప్పకండి," అంది. "ఆడపిల్ల కుట్టిందంటే ఎవరు కొంటారు? ఉన్న కాస్త పేరూ పోతుంది అబ్బాజాన్‌కి."

"చెప్పను."

"మీరా! మీ నోట్లో మాట ఆగుతుందా?"

"ఇదొక్కటీ ఆగుతాది," అని వానలోకి వెళ్ళిపోయాడు. ఒంటి కాలికి బూటు లేదన్న సంగతి సందు చివర గానీ గుర్తు రాలేదట.

ఇక చూడండి, మర్నాటి నుంచీ హనీఫ్ ఇంట్లో ఉన్న తోలు వస్తువులన్నీ తెగిపోవడం మొదలుపెట్టాయి. రెండో బూటు తెగింది. బెల్టు తెగింది. పెట్టె పట్టీ తెగింది. వాళ్ళ అమ్మ ఖమర్జహాన్ చెప్పులు కూడా తెగిపోయాయి, ఆవిడ కాళ్ళకి ఉండగానే.

"బావా, మా జట్కా కళ్ళేలు కూడా తేనా, కోత్తావా?" అన్నాడు స్నేహితుడు వలి.

"ఈ కుర్రాడికి ఇంకా ఎన్ని ఉన్నాయే తెగేవి?" అని రసూల్ కూతుర్ని అడిగాడు. అప్పటికి హనీఫ్ మీద ఆయనకి కోపం లేదు. ఉన్నది తన బొటనవేలి మీదే. ఆ సిగ్గుకే అతనితో మాట్లాడడు, పొమ్మనీ అనడు. అతను వచ్చినప్పుడల్లా వీధివైపు తిరిగి కూర్చుంటాడు.

"ఈ బెల్టు తెగింది కాదు," అంది రెహానా తెర వెనకనుంచి. "బ్లేడుతో కోసింది."

"ఎలక."

"మీ ఇంట్లో ఎలకలు గెడ్డాలు గీసుకుంటాయేటి?"

వీధివైపు తిరిగి ఉన్న రసూల్ భుజాలు కదిలాయి. దగ్గే అయ్యుంటుంది.

మాటలు ఇలా నడుస్తుంటే చేతులు ఊరుకోలేదు. ఆ రెండు తప్పులూ సరిచెయ్యకపోతే రెహానాకి నిద్ర పట్టేలా లేదు. తేనెమైనంలో గొర్రె కొవ్వు కరిగించి దారానికి పట్టించింది. కుట్ల మీద కూడా రుద్దింది. కుట్టిన బంతిని బకెట్లో ముంచి, తీసి, వంటింటి తక్కెడలో తూచింది. బరువెక్కింది. విప్పేసింది. ఇంకోటి కుట్టింది, అదీ బరువెక్కింది. రసూల్ నమాజుకి వెళ్ళిన వేళల్లో తెర ఇవతల కూర్చున్న హనీఫ్ కలకత్తా బంతుల సంగతి చెప్పేవాడు. లేసు మీదకి తోలు రెక్క ఎలా మడతపడుతుందో, ముడి ఎలా లోపలికి పోతుందో కాగితం మీద బొమ్మ గీసి తెర కిందనుంచి తోసేవాడు.

"ఇది బంతా, వంకాయా?" అనేది రెహానా.

"నా కాళ్ళకి జీతమిత్తారు గానీ చేతులకి ఇవ్వరు మరి."

ఒకరోజు ఆమె అడిగేసింది.

"ఆ మచ్చ ఏటి?"

"ఏ మచ్చ?" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అంటే నన్ను చూత్తన్నావన్నమాట!"

"చిల్లుంది. కన్నుంది. ఏం చెయ్యను?"

"చిల్లు పెద్దది చెయ్యి, నేనూ చూత్తాను."

"మచ్చ సంగతి అడిగేను."

"మీ బంతి గుర్తే. నేను కలకత్తా ఎళ్ళే ముందు, వాల్తేరు వాళ్ళతో ఆఖరి మ్యాచి. తలతో కొట్టేను. లేసు ముడి ఇక్కడ దిగింది. రక్తమొచ్చింది, గోలూ వచ్చింది. ఆ గోలు చూసే కలకత్తావోళ్ళు తీసుకెళ్ళేరు."

రెహానా చేతిలో సూది ఆగిపోయింది. నాలుగేళ్ళ కిందట, ఆగస్టు.

"అది నేను కుట్టిన మొదటి బంతి," అంది. "ముడి లోపలికి తొయ్యడం రాలేదు అప్పటికి."

"అయితే మనకి నాలుగేళ్ళ పరిచయం!" అని అరిచాడు హనీఫ్. ఎంత గట్టిగా అరిచాడంటే ఎదుటి కొట్లో చింతపండు కొంటున్న అప్పలకొండమ్మ కూడా ఎవరితో అని చూసింది. చూస్తే గోనెతెర తప్ప ఏమీ లేదు. కలకత్తాలో బుర్ర పాడైందని ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది.

మూడో వారంలో కుట్టిన బంతి బకెట్లో మునిగి తేలినా తక్కెడ ముల్లు కదల్లేదు. రెహానా ఆ మాట అతనికి చెప్పలేదు. మనసు నిండా సంతోషం ఉండి కూడా చెప్పలేదు. ఇక్కడ, తెర ముందు బాగుందంటే దాని విలువెంత?

ఇంతలో వాల్తేరు జట్టు కొత్త పేచీ పెట్టింది. హనీఫ్ ఆడకూడదు సరే, గట్టు మీద కూర్చుంటే ఆ నోరు ఆడుతుంది కదా. అందుకని అతన్నే రిఫరీగా పెట్టమన్నారు. రిఫరీలని తిట్టినవాడు ఒక్కసారి ఆ విజిలు పట్టుకుంటే తెలిసొస్తుందన్నారు. ఆ మాట విని రెహానా కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఖమర్జహాన్ మాత్రం పైకి చూసి దణ్ణం పెట్టినంత పని చేసింది.

"విజిలు నోట్లో ఉన్నంతసేపైనా మా వాడు ఎవరినీ ఏమీ అనడు!"

మ్యాచి రోజు మబ్బు కిందకి దిగిపోయింది. మైదానం చుట్టూ తాటాకు గొడుగులు. రెహానా తన పిన్ని సర్వర్ జహాన్‌తో కలిసి తెర కట్టిన జట్కాలో కూర్చుంది. ఒళ్ళో గోనెసంచి. సంచిలో బంతి.

మద్రాసు బంతిని సింహాచలం నాయుడు రెండు చేతులా పట్టుకొచ్చాడు. అది ధగధగలాడుతోంది.

"ఏటి పట్టించేరు దీనికి?" అని వాసన చూశాడు హనీఫ్.

"నువ్వుల నూనె!" అన్నాడు నాయుడి మనిషి, మునగపాక పరదేశి, గర్వంగా. "పది రోజులబట్టి పడతన్నాను బాబూ. నీళ్ళు తోడే మోట తోలుకి మేం ఇలగే కదా పడతాం. లేసు బెజ్జంలోంచి లోపలిక్కూడా పోసేను. తోలు తాగాల కదా మరి!"

"ఇది బంతా, గారెలొండే మూకుడా?" అనబోయి హనీఫ్ జట్కా వైపు చూశాడు. విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

మోటకి లోపల రబ్బరు తిత్తి ఉండదు. బంతికి ఉంటుంది. రబ్బరుకి నూనె పడదని పరదేశికి ఎవరు చెప్పారు గనక! ఇరవై నిమిషాలు ఆడేసరికి బంతి గవదబిళ్ళలొచ్చిన బుగ్గలా ఒక పక్క ఉబ్బింది. వాల్తేరువాడు ఒక్క తన్ను తన్నాడు. ఫట్!

రెహానా సంచిని జట్కా పక్కన నిలబడ్డ తండ్రి చేతిలో పెట్టింది. "ఇచ్చి రండి అబ్బాజాన్," అంది. రసూల్ సంచిని ఛాతీకి అదుముకున్నాడు. మైదానంలోకి నడిచాడు.

సింహాచలం నాయుడు బంతిని చూసి తల గోక్కున్నాడు.

"ఒరే హనీఫూ, ఈళ్ళ బంతినే కదా నువ్వు బెల్లం దిమ్మన్నావు? ఇప్పుడు రిఫరీవి నువ్వే. పనికొత్తాదో రాదో నువ్వే సెప్పు."

రెహానా జట్కా తెర అంచుని పిడికిలితో పట్టుకుంది. పనికిరాదంటే ఆ ఆరె ఇక గోడమేకు దిగదు. తనమీద ఇష్టం కొద్దీ బాగుందంటే, ఆ మనిషి మాట తను ఇంకెప్పుడూ నమ్మలేకపోతుంది. "యా అల్లా, నిజమే చెప్పించు," అనుకుంది. "నిజం మాకు మంచిదయ్యేలా కూడా చూడు."

హనీఫ్ బంతిని బురదగుంటలో పడేశాడు. కాలితో అదిమిపట్టి నిలబడ్డాడు. వాన మొదలైంది. జనం తడుస్తున్నారు, అతను కదలడు. ఎంతసేపటికో తీసి పైకి ఎగరేసి, లేసు ఉన్న పక్కే నుదుటికి తగిలేలా తలతో కొట్టాడు. సరిగ్గా మచ్చ మీద.

"రెండు నెలలు ఆడకూడదు కదా!" అని వాల్తేరు కెప్టెన్ కేక.

"తన్నకూడదన్నారు. తలతో కొట్టొద్దనలేదు!"

మూడుసార్లు కొట్టాడు. నుదురు తడుముకున్నాడు. బంతి పట్టుకుని మైదానం మధ్యకి నడిచాడు.

"నేను పత్రికలో అన్న మాట నిజం," అన్నాడు గట్టిగా.

రసూల్ తల వంగిపోయింది.

"ఆరోజుకి నిజం. ఈరోజు అబద్ధం! నాలుగేళ్ళు కలకత్తాలో ఆడేను, వానలో ఇంత తేలిగ్గా ఉన్న బంతి అక్కడా చూళ్ళేదు. లేసు ఎక్కడుందో నా నుదురే పోల్చుకోలేకపోయింది. అన్న మాట ఇంతమంది ముందు వెనక్కి తీసుకుంటన్నాను. పత్రికోళ్ళుంటే రాసుకోండి. ఒక్కక్షరం మార్చకండి!"

ఈలలు, చప్పట్లు. నాయుడు రసూల్ భుజం మీద చరిచాడు. "భలేటోడివి! ఎలగ కుట్టేవు?"

రసూల్ తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. హనీఫ్ వైపు చూశాడు. హనీఫ్ విజిలు నోట్లో పెట్టుకుని గట్టిగా పళ్ళు బిగించి ఆకాశంకేసి చూస్తున్నాడు.

"నేను కుట్టలేదు," అన్నాడు రసూల్. "నాకు వేలు పని చెయ్యదు. మా రెహానా కుట్టింది. ఇదొక్కటే కాదు, నాలుగేళ్ళుగా మీరు ఆడినవన్నీ దాని చేతివే."

జనమంతా జట్కా వైపు తిరిగారు. ముందుగా తేరుకున్నది పరదేశే.

"ఓరి నాయినో! అయితే ఆ పాప మా మోట తోలు కూడా కుడతాదేటి?"

జనమంతా ఘొల్లుమన్నారు. జట్కాలో రెహానా పిన్ని భుజంలో ముఖం దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

రసూల్ హనీఫ్ దగ్గరికి వెళ్ళాడు.

"నీకు ముందే తెలుసా?"

హనీఫ్ తలూపాడు.

"మూడు వారాలు తెలిసీ ఎవరికీ చెప్పలేదా? నువ్వు?"

మళ్ళీ తలూపాడు.

"ఇన్ని బెల్టులు కోసుకున్నావు. మా గడప అరగదీసేవు. అసలు నీకేం కావాలిరా?"

అదీ అడగవలసిన మాట! ఏ ప్రశ్నకైనా జవాబు నాలుక చివర ఉండే మనిషి నోరు తెరవబోయాడు. ముఖం ఎర్రబడింది. మాటకి బదులు నోట్లో ఉన్న విజిలు "పీ..." మంది.

ఆట మొదలైందనుకుని ఇరవై రెండు మందీ ఒక్కసారిగా బంతి మీద పడ్డారు!

ఆ తోపులాటలో, ఆ వానలో, జట్కా తెర పక్కకి తొలిగింది. పిన్ని కొంగు పట్టి లాగుతున్నా రెహానా సగం బయటికి వంగింది.

"అబ్బాజాన్! ఆయనకి మాట పడిపోయింది. ఆయన తరపున నేను చెప్పనా?"

నెల్లాళ్ళ తర్వాత రసూల్ నవ్వాడు. నవ్వి, హనీఫ్ చెవిలో అన్నాడు.

"రేపు మీ అమ్మని పంపించు. ఆవిడ కాళ్ళకి చెప్పులున్నాయా, అవీ కోసేసేవా?"

హనీఫ్ వినలేదు. నాలుగేళ్ళ కిందట తన నుదుటి మీద గుర్తు పెట్టిన మనిషి ముఖం అతనికి ఇప్పుడే, మొదటిసారి కనిపించింది. బుగ్గ మీద వాన చినుకు, కంట్లో అల్లరి. అలా నిలబడిపోయాడు. వెనకాల మైదానం దద్దరిల్లిపోతోంది. ఎవరో తన్నారు, ఎవరో పడ్డారు, బంతి గోల్లోకి దూసుకుపోయింది.

"గోలు! రిఫరీగారూ, గోలు!" అని వాల్తేరు కెప్టెన్ చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "చూశారా, లేదా?"

హనీఫ్ విజిలు నోట్లోంచి తీశాడు. కళ్ళు మాత్రం జట్కా మీంచి తియ్యలేదు.

"చూడలేదండీ," అన్నాడు. "కళ్ళజోడు కొనిపెట్టండి."

మర్నాడు ఖమర్జహాన్ కొత్త చెప్పులేసుకుని రసూల్ ఇంటికి వెళ్ళేసరికి గోడమేకు ఖాళీగా ఉంది. ఆరె రెహానా చేతిలో ఉంది. అదే పొద్దున్న హనీఫ్ కలకత్తా రిఫరీగారికి ఒక ఉత్తరం పోస్టు చేశాడు. క్షమించమన్నాడు. ఆ మ్యాచి రోజు మైదానం పక్కన ఏదైనా జట్కా ఆగి ఉందేమో, తనకి ముందు తెలియలేదని రాశాడు.